నిజాంసాగర్‌ల పూడిన మన్ను ఎక్కడిది? మన పడమటి రాళ్ల నేలల చరిత్ర

పోస్టు పెద్దగనే ఉంటది. చేన్ల పని లేనప్పుడు కూసోని చదువుకోండ్రి.

నిజాంసాగర్ కట్టినప్పుడు దాంట్ల 29.7 టీఎంసీల నీళ్లు పట్టేవి. 1923ల పని మొదలుపెట్టి 1931ల పూర్తి చేసిండ్రు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరు. 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు అని లెక్క కట్టిండ్రు. అదే చెరువు 1970ల నాటికి కొలిచి చూస్తే 11.8 టీఎంసీలు మాత్రమే పట్టేటట్టు అయింది. తర్వాత మట్టం పెంచి గేట్లు పెడితే 17.8కి వచ్చింది. కట్ట పగలలేదు, చెరువు జాగ తగ్గలేదు. మరి తగ్గిన 18 టీఎంసీల జాగల ఏం కూసున్నది? మన్ను.

ఈ లెక్క ఒకసారి చేసి చూడండ్రి. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. 17.9 టీఎంసీలంటే 50 కోట్ల ఘనపు మీటర్ల పైన. ఆ మన్నంతా తీసి 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు మీద పరిస్తే ఒకటిన్నర అడుగు మందం వస్తది. వర్ని, కోటగిరి, బోధన్, బాన్సువాడ పొలాలన్నీ మోకాలి దాకా కప్పేసేంత మన్ను. నలభై ఏండ్లల్ల వచ్చింది.

ఎక్కడి నుంచి వచ్చింది? మంజీర మోసుకొచ్చింది అని అందరం అంటం. మంజీర ఎవరి చేన్ల నుంచి, ఎవరి గుట్టల నుంచి మోసుకొచ్చింది అన్నదే ఈ పోస్టు. ఆ కథ తెలిస్తే జుక్కల్, మద్నూర్, బిచ్కుంద దిక్కు రాళ్ల నేలలు ఏంటివో, వాటిని ఇప్పుడు మనం జేసీబీ పెట్టి ఏం చేస్తున్నమో కూడా తెలుస్తది.

ఒక్క జిల్లా, రెండు రకాల రాయి

పాత నిజామాబాద్ జిల్లాల రెండు రకాల గుట్టలు ఉన్నయ్. ఆర్మూర్ సిద్ధుల గుట్ట చూడండ్రి, డిచ్‌పల్లి దిక్కు చూడండ్రి. గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టు ఉంటయ్. అది గ్రానైటు. దాని కింద పుట్టిన నేల ఎర్ర చెలక, దుబ్బ. వాన పడంగనే తడుస్తది, నాలుగు రోజులు ఎండ కొడితే ఆరిపోతది.

బాన్సువాడ దాటి, మంజీర దాటి పడమరకు పిట్లం, జుక్కల్, మద్నూర్ దిక్కు పోయినకొద్దీ గుట్టల రూపమే మారుతది. గుండ్లు కనపడవు. గుట్ట నెత్తి కత్తితో కోసినట్టు సాపుగ ఉంటది. పక్క నుంచి చూస్తే మెట్లు మెట్లుగ ఉంటది. రాయి నల్లగ, బరువుగ, సన్న నలుసుతో ఉంటది. పగలగొడితే గ్రానైటులో కనపడే మెరిసే పలుకులు దీంట్ల కనపడవు. ఇది బసాల్టు. మనోళ్లు నల్లరాయి అంటరు. దీని కింద పుట్టిన నేల రేగడి. దీని పైన, గుట్ట మీద ఉన్నది మొరం, గరుసు.

రెండు రాళ్లకు పుట్టుకలనే తేడా ఉంది. గ్రానైటు భూమి లోపల నిదానంగ చల్లారిన రాయి, మస్తు పాతది. నల్లరాయి భూమి పైకి పారి గడ్డకట్టింది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కింద, పెద్ద బల్లులు (రాక్షస బల్లులు అని బడిల చదువుకున్నం కదా) భూమి మీద నుంచి పోయిన కాలం దగ్గర్నే, పడమటి దిక్కు భూమి పగుళ్లిచ్చి లావా బయటికి వచ్చింది. సినిమాల చూపెట్టినట్టు ఒక్క కొండ నోరు తెరిచి కక్కింది అనుకోవద్దు. పొడుగాటి పగుళ్ల నుంచి వరద లెక్క పారింది. ఒక పొర పారి చల్లారినంక, ఎన్నో ఏండ్లకు దాని మీద ఇంకో పొర. గట్ల పొరల మీద పొరలు పడి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక, మన తెలంగాణ అంచు దాకా పరుచుకుంది. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది. దీన్ని డెక్కన్ ట్రాప్ అంటరు. ట్రాప్ అన్న మాట స్వీడన్ దేశపు భాషల మెట్లు అనే మాట నుంచి వచ్చింది. జుక్కల్ దిక్కు గుట్ట పక్కన నిలబడి చూసినోళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టిండ్రో చెప్పే పని లేదు.

పడమటి కనుమల దగ్గర ఈ పొరల మందం కిలోమీటర్ల లెక్క. తూర్పుకు వచ్చినకొద్దీ పల్చబడతది. 1993 సెప్టెంబర్ 30 తెల్లారగట్ల లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర భూకంపం వచ్చింది యాదుంది కదా. వినాయక నిమజ్జనాలు అయిన రాత్రి. మన దిక్కు ఇండ్లల్ల కూడా మంచాలు ఊగినయ్. దాదాపు పది వేల మంది పోయిండ్రు. నల్లరాళ్లను మట్టితో పేర్చిన మందపు గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు నిద్రల ఉన్నోళ్ల మీద కూలినయ్. ఆ తర్వాత హైదరాబాద్ శాస్త్రవేత్తలు కిల్లారి దగ్గర లోతుగ బోరు దించిండ్రు. 338 మీటర్ల నల్లరాయి దాటినంక కింద మళ్ల మన గ్రానైటు జాతి రాయే తగిలింది. అంటే మన ఆర్మూర్ గుట్టల రాయే పడమరకు పోయి నల్లరాయి దుప్పటి కింద పండుకున్నది. మనం ఆ దుప్పటి అంచుల ఉన్నం. కిల్లారి కూడా మంజీర పరీవాహకంలనే ఉంది. దాని పక్కన పారే తేర్నా వచ్చి మంజీరలనే కలుస్తది.

బావులు తవ్వినోళ్లకు ఇంకో సంగతి ఎరుకే. పడమటి ఊర్లల్ల బావి దించుతుంటే నల్లరాయి, మధ్యల ఒక ఎర్ర మట్టి పొర, మళ్ల నల్లరాయి వస్తది. ఆ ఎర్ర పొర ఒకప్పటి నేలనే. ఒక లావా పొర చల్లారి, ఎండకు వానకు చివికి మట్టి అయినంక, దాని మీద ఇంకో లావా వచ్చి దాన్ని ఇటుక కాల్చినట్టు కాల్చి కప్పేసింది. కొన్ని కోట్ల ఏండ్ల కిందటి మట్టి మన బావి గోడల కనపడుతున్నదన్న మాట.

రేగడి అన్న మన మాట ప్రపంచమంతా పోయింది

నల్లనేలను ఇంగ్లీషు పుస్తకాలల్ల చానా కాలం 'రేగర్' అని రాసిండ్రు. అది మన రేగడియే. తెలుగు రైతు నోటి మాట విని తెల్లదొరలు రాసుకున్నరు.

అయితే ఈ నల్లమట్టి ఎట్ల పుట్టింది అన్నదాని మీద వాళ్ల మధ్య మస్తు వాదం నడిచింది. దేశాన్ని కొలిచే పెద్ద సర్వేల 1818ల హెన్రీ వాయిసీ అనే డాక్టరు భూగర్భ పరిశీలకునిగ చేరిండు. హైదరాబాద్ రాజ్యం రాళ్లను మొదట తిరిగి చూసి రాసింది ఆయనే. 1824ల చనిపోయిండు. నల్లమట్టి ఈ నల్లరాయి చివికి వచ్చిందే అని ఆయన లెక్క. తర్వాత మద్రాసు సైన్యంల ఉన్న న్యూబోల్డ్ అనే కెప్టెన్, కాదు, ఇది ఒకప్పుడు నీళ్ల కింద పేరుకున్న మట్టి అన్నడు. గ్రానైటు మీద కూడా కొన్ని జాగలల్ల నల్లమట్టి కనపడుతది కాబట్టి ఆయనకు ఆ అనుమానం వచ్చింది.

ఇయ్యాల మనకు తెలిసింది ఏందంటే ఇద్దరి మాటలనూ కొంత నిజం ఉంది. నల్లరాయిల సున్నం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. గ్రానైటుల ఉన్నంత ఇసుక పలుకు దీంట్ల ఉండదు. అందుకే చివికినప్పుడు ఇసుక కాకుండ సన్నటి జిగురు బంకమన్ను అయితది. ఆ బంక నీళ్లు తాగితే ఉబ్బుతది, ఎండితే ముడుచుకొని చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తది. ఎండకాలం పైమట్టి ఆ నెర్రెలల్ల పడి, వానకాలం కింద నుంచి ఉబ్బి పైకి వస్తది. అందుకే రేగడి తనను తానే దున్నుకుంటది అంటరు. ఇది వాయిసీ చెప్పింది. న్యూబోల్డ్ అన్నట్టు నీళ్ల పని కూడా ఉంది. గుట్ట మీద పుట్టిన బంకను వాన కడిగి లోయలకు, వాగు ఒడ్డుకు తెచ్చి పేర్చింది. మన బోధన్, కోటగిరి దిక్కు మంజీర ఒడ్డు నల్లమట్టిల నది తెచ్చి పోసిన పాలు కూడా ఉంది.

గుట్ట నెత్తి నుంచి వాగు దాకా

పడమటి గుట్ట ఒకటి తీసుకొని నెత్తి నుంచి కిందికి దిగుదాం. నేల ఎట్ల మారుతదో చూడండ్రి.

నెత్తి మీద జానెడు మట్టి కూడా ఉండదు. కొన్ని జాగలల్ల నాలుగు వేళ్ల మందమే. రాళ్లు, గరుసు, దాని కింద చివికిన మొరం. రాళ్లు చూస్తే ఉల్లిగడ్డ పొరల లెక్క ఒలుచుకుంట గుండ్రంగ అయితయ్. నీళ్లు మూలల్ల నుంచి లోపలికి పోయి చివికిస్తయి కాబట్టి మూలలు ముందు పోయి లోపల గుండు మిగులుతది. రాయిల పాత గాలి బుడగల జాగలల్ల తెల్లటి పలుకులు, గాజు లాంటి రాళ్లు ఉంటయ్. గోదావరి, మంజీర ఇసుకల పిల్లలు ఏరుకునే నున్నటి గాజు రాళ్లు ఎక్కువ శాతం ఈ జాతివే.

నడుమ వాలుల జానెడు, జానెడున్నర మట్టి. గోధుమ రంగు. రాళ్లు మూడో వంతు, సగం ఉంటయ్. కింద, వాగు దగ్గర, రెండు మూడు గజాల లోతు నల్లరేగడి. తవ్వితే కింద తెల్లటి సున్నపు గులకలు వస్తయ్.

ముగ్గురు అన్నదమ్ములకు పాలు పంచేటప్పుడు నెత్తి మీదిది ఒకరికి, నడుమది ఒకరికి, కిందిది ఒకరికి వస్తే పంచాయితీ ఎందుకు అయితదో ఈ లెక్కల తెలుస్తది. మంచి రేగడి ఒక మీటరు లోతుల పంటకు అందే నీళ్లు సుమారు 200 మిల్లీమీటర్ల దాకా దాచుకుంటది. పంట రోజుకు 5 మిల్లీమీటర్లు తాగింది అనుకోండ్రి. మీటరు లోతు రేగడి నిండ తడిసినంక నలభై రోజులు వాన లేకున్నా పంటను బతికిస్తది. అదే జానెడు గరుసు నేల, దాంట్ల సగం దగ్గర రాళ్లే అయితే, పంటకు దొరికేది 25 మిల్లీమీటర్ల లోపే. అయిదు రోజులకు మొక్క వాడుతది. రాయి ఒకటే, వాన ఒకటే, మబ్బు ఒకటే. నేల లోతుల తేడా ఉంది, అంతే.

నలుపు చూసి బలం అనుకునుడు కూడా తప్పే. నల్లరేగడిల సున్నం, పొటాషు బాగనే ఉంటయ్. నత్రజని, భాస్వరం, జింకు చానా చేన్లల్ల తక్కువనే. సున్నం ఎక్కువ ఉన్న కాడ వేసిన భాస్వరం కూడా గట్టిపడి మొక్కకు అందకుండ పోతది. మట్టి పరీక్ష చేయించకుండ డీఏపీ మీద డీఏపీ పోస్తే సంచులు ఖాళీ అయితయ్ కాని కంకి నిండదు.

ఇక రాళ్ల సంగతి. పైన పరుచుకున్న రాళ్లు మనకు పనికిరానివి అనుకుంటం. చినుకు నేరుగ మట్టి మీద పడకుండ రాయి అడ్డుకుంటది. చినుకు దెబ్బకే కదా మట్టి లేచి కొట్టుకుపోయేది. ఎండకు తేమ ఎగిరిపోకుండ కూడా రాయి గొడుగు పడతది. రాయి తీసి చూస్తే కింద తడి ఉంటది, మేకల కాసేటోళ్లను అడగండ్రి. మొరం కూడా ఉత్త మొరం కాదు. దాని పగుళ్లల్ల నుంచే వాన నీళ్లు కిందికి దిగి, లావా పొరల మధ్యల నిలిచి, కింది చేన్ల బావులకు వస్తయ్. గుట్ట నెత్తి పంటకు పనికిరాకున్నా కింది బావికి తల్లి అదే.

పాతోళ్లు ఈ నేలను ఎట్ల వాడుకున్నరు

1909ల అచ్చయిన హైదరాబాద్ రాజ్యం గెజిటీరుల ఒక మాట రాసిండ్రు. రాజ్యాన్ని రాయిని బట్టి రెండు ముక్కలుగ చూపెట్టిండ్రు. నల్లరాయి దిక్కు మరాఠ్వాడ, అక్కడ గోధుమ, పత్తి. గ్రానైటు దిక్కు తెలంగాణ, ఇక్కడ వరి, చెరువులు. భాష సరిహద్దు, రాయి సరిహద్దు చానా దూరం పక్కపక్కనే నడుస్తయ్. మన దిక్కు కాకతీయుల కాలం నుంచి చెరువులు ఎందుకు, పడమర దిక్కు అన్ని చెరువులు ఎందుకు లేవు అంటే, ఒక కారణం ఈ రాయియే. ఎర్ర చెలక నీళ్లు దాచుకోదు, కాబట్టి మనిషి చెరువు కట్టి దాయాలె. రేగడి తన కడుపులనే దాచుకుంటది. వానకాలం తడిసిన రేగడిల యాసంగి తెల్లజొన్న, శనగ, కుసుమ వేస్తే ఒక్క తడి లేకుండ పండేవి. పైన గుంటుక తోలి నెర్రెలు పూడ్చేటోళ్లు, తేమ ఎగిరిపోకుండ.

మరి గుట్ట నెత్తి? దాన్ని దున్నలేదు. పశువులకు విడిచిపెట్టిండ్రు. గైరాన్, బంచరాయి, కంచె అని పాత పహాణీలల్ల ఉన్న పేర్లు ఆ జాగలవే. అక్కడ గడ్డి, మోదుగు, తంగేడు, చండ్ర. లాతూర్, బీదర్, నాందేడ్ దిక్కు పుట్టిన దేవణి జాతి ఆవులు, ఎడ్లు ఈ నల్లరాయి నేల మీద పెరిగినయే. దేవణి ఎద్దు రేగడి బురదల గుంజుతది, ఆవు పాలు కూడా ఇస్తది. ఎండకాలం గుట్ట గడ్డి, జొన్న సొప్ప మీద బతికింది. ఆ పశువుల పెంట మళ్ల కింది రేగడికి వచ్చేది. అంటే గుట్ట నెత్తి పంట పండియ్యకున్నా, పశువు కడుపుల నుంచి కింది చేనుకు ఎరువు అయ్యేది. ఇదొక పద్ధతి. ఎవరూ పుస్తకం రాయలేదు కాని మూడు నాలుగు తరాలు నడిచింది.

ఇంకో సంగతి మన పిల్లలకు చెప్పాలె. 1956 నవంబర్ 1 కంటే ముందు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాల ఉండె. రాష్ట్రాల పునర్విభజన చట్టంల ఆ రెండు సర్కిళ్లను, అటు ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లను నాందేడ్ నుంచి తీసి తెలుగు రాష్ట్రంల కలిపిండ్రు. అందుకే నల్లరాయి నేల ఒక ముక్క మనకు వచ్చింది. 2016 నుంచి జుక్కల్, మద్నూర్, బిచ్కుంద కామారెడ్డి జిల్లాల ఉన్నయ్. కాయితం మీద జిల్లా రెండు సార్లు మారింది, నేల మాత్రం అదే దెగ్లూర్, ఉద్‌గీర్ నేల. అక్కడి రైతు మూడు భాషలు మాట్లాడుతడు, ముగ్గురు వ్యవసాయ అధికారుల మాట వింటడు. గ్రానైటు నేలకు చెప్పిన సలహా తన చేన్ల ఎందుకు పారలేదో ఆయనకే తెలుస్తది.

గుట్ట దున్నినంక ఏమైంది

మంజీర పుట్టింది మహారాష్ట్ర బీడ్ జిల్లాల, బాలాఘాట్ గుట్టల్ల. అంతా నల్లరాయి. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన, అది కూడా కొన్ని రోజులల్లనే దంచుతది. అక్కడి నుంచి లాతూర్, బీదర్ మీదుగ సంగారెడ్డి, మెదక్ తిరిగి నిజాంసాగర్‌కు వస్తది. చివరికి కందకుర్తి దగ్గర గోదావరిల కలుస్తది.

జనం పెరిగిండ్రు, కడుపులు పెరిగినయ్. నెత్తి మీది గడ్డి జాగలు దున్నిండ్రు. జానెడు మట్టి ఉన్న వాలు దున్నితే ఏమయితది? మొదటి నాలుగైదు ఏండ్లు పంట వస్తది. ప్రతి వానకు సన్న బంక కడుక్కపోతది, బరువు ఉన్న గరుసు మిగులుతది. జానెడుల నుంచి రెండు వేళ్లు పోతే నీళ్ల దాపు కూడా ఆ లెక్కననే తగ్గుతది. మట్టి తగ్గితే పంట తగ్గుతది, పంట తగ్గితే ఇంకింత వాలు దున్నుతరు. అంగుళం మట్టి పుట్టడానికి వందల ఏండ్లు పడతది. పోవడానికి నాలుగు వానలు చాలు.

దీన్ని పట్టించుకోలేదని కాదు. 1933ల షోలాపూర్‌ల మెట్ట సేద్యం పరిశోధన కేంద్రం పెట్టిండ్రు. కరువు నేలల్ల కట్టలు పొయ్యాలె, వాలుకు అడ్డం దున్నాలె, పంట ఎడం పెంచాలె అని అప్పటి నుంచే చెప్తున్నరు. 1972 కరువుల మహారాష్ట్రల లక్షల మంది కూలికి పోయి రోడ్లకు కంకర కొట్టిండ్రు, చేన్ల కట్టలు పోసిండ్రు, ఊట చెరువులు తవ్విండ్రు. ఆ కరువు తర్వాతనే బీడ్ గుట్టల జనం చెరకు కొట్టే పనికి వలస పోవుడు బాగ పెరిగింది. ఇయ్యాల కూడా దసరా దాటంగనే ఎడ్ల బండ్లల్ల, ట్రాక్టర్లల్ల సంసారం సర్దుకొని పడమటి మహారాష్ట్ర, కర్ణాటక ఫ్యాక్టరీలకు పోతరు.

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. నిజాంసాగర్ పైన మంజీర పరీవాహకం 21 వేల చదరపు కిలోమీటర్ల పైన. నలభై ఏండ్లల్ల వచ్చిన 50 కోట్ల ఘనపు మీటర్ల మన్నును ఆ విస్తీర్ణం మీద తిరిగి పరిస్తే ఒక అంగుళం అటుఇటు అయితది. అంగుళమే కదా అనిపిస్తది. కాని సాపు జాగల నుంచి పోయింది తక్కువ, వాలు నుంచి పోయింది ఎక్కువ. జానెడు మట్టి ఉన్న గుట్ట మీద ఒక తరంల రెండు మూడు అంగుళాలు పోతే ఆ రైతుకు మిగిలింది ఎంత? ప్రాజెక్టు కట్టినప్పుడు మన్ను ఇంత వస్తదని ఇంజనీర్లు కూడా అనుకోలేదు. వాళ్లు అనుకున్నదానికి ఎన్నో రెట్లు వచ్చింది.

నిజాంసాగర్ నీళ్లు, నల్లమట్టి చూసే 1937ల బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. ఆసియాలనే పెద్దది అని పేరు. ఆ నీళ్ల కోసమే కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నరు. చెరువు పూడినకొద్దీ చివరి ఆయకట్టుకు నీళ్లు తగ్గినయ్. 1980లల్ల పైన సింగూరు వచ్చింది, హైదరాబాద్ తాగునీరు వచ్చింది. 2015ల ఫ్యాక్టరీ మూతపడ్డది. ఫ్యాక్టరీ మూతకు కారణాలు వేరే ఉన్నయ్, మన్ను మీద పెట్టుడు సరికాదు. కాని చెరకు వదిలి వరికి, మక్కకు, సోయాకు పోయిన ప్రతి రైతు కథల నీళ్ల కొరత ఒకటి ఉంటది. ఆ కొరతల ఎక్కడో బీడ్ గుట్ట మీద పోయిన అంగుళం మన్ను కూడా ఉంది.

శ్రీరాంసాగర్ సంగతి కూడా అంతే. 1963ల నెహ్రూ పునాదిరాయి వేసిండు. 112 టీఎంసీలకు కట్టిండ్రు. 1994ల కొలిస్తే 90కి పడింది. గోదావరి కూడా మనకు వచ్చే ముందు అదే నల్లరాయి నేలల నుంచే వస్తది.

ఇథియోపియా నేర్పేది

ఈ కథ మన ఒక్కరిదే కాదు. ఆఫ్రికాల ఇథియోపియా ఎత్తు గుట్టలు కూడా లావా పారి గడ్డకట్టిన నల్లరాయియే. అక్కడ దంచే వానకు ఆ గుట్టల మన్ను నీలి నైలు నదిల కలిసి ఈజిప్టుకు పోయేది. వేల ఏండ్లు ఈజిప్టు గోధుమ పండింది ఆ నల్లమట్టి మీదనే. వాళ్ల పాత భాషల తమ దేశాన్ని నల్లనేల అని పిలుచుకున్నరు. ఈజిప్టుకు వరం అయిన మన్ను ఇథియోపియా రైతుకు పోయిన ఆస్తి. సూడాన్‌ల ఆ నది మీద 1966ల కట్టిన రోసెయిరెస్ డ్యాము మన నిజాంసాగర్ లెక్కనే పూడింది.

ఇథియోపియాల టిగ్రాయ్ అనే ప్రాంతంల ఊరి జనం ఏం చేసిండ్రంటే, చేన్ల ఏరిన రాళ్లను గుట్టకు అడ్డంగ, వాలు సమానంగ ఉండే గీత పట్టుకొని వరుసలుగ పేర్చిండ్రు. కొలిచి చూస్తే మట్టి కోత మూడింట రెండు వంతులు తగ్గింది. సిమెంటు లేదు, మిషను లేదు. రాళ్లు అక్కడివే, చేతులు వాళ్లవే.

మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌ల 1976 నుంచి నల్లరేగడి మీద పక్కపక్క మళ్లల్ల రెండు పద్ధతులు నడిపిండ్రు. పాత పద్ధతిల వానకాలం పడావు పెట్టి యాసంగి ఒక్క పంట. కొత్త పద్ధతిల ఎత్తు మళ్లు, కాలువలు, వానకాలమే పంట వేసి నేల కప్పుడు. పాత పద్ధతిల హెక్టారుకు ఏడాదికి 6 టన్నుల పైన మట్టి పోయింది, కొత్త పద్ధతిల 1.5 టన్నుల దగ్గర. పంట హెక్టారుకు టన్ను నుంచి అయిదు టన్నులకు పోయింది.

ఇప్పుడు మన చేతుల ఉన్నది

ఇయ్యాల మన పడమటి ఊర్లల్ల ఏం జరుగుతున్నదో అందరం చూస్తున్నం. గుట్ట పక్కన జేసీబీ నిలబడతది. మొరం రోడ్లకు, ప్లాట్లకు పోతది. గైరాన్ జాగ చదును చేసి దున్నుతున్నం. రాళ్లన్నీ ఏరి చేను అంచుల కుప్ప పోస్తున్నం, లేకుంటే క్రషరుకు అమ్ముతున్నం. గొర్లు, మేకలు ఉన్నోళ్లకు మేపే జాగ లేక అమ్ముకుంటున్నరు. నాలుగేండ్లకు కింది రైతు వచ్చి, బావి ఎందుకు ఎండింది అని అడుగుతడు. పైన మొరం తీసిన్నాడే ఆయన బావి ఊట తీసినం.

నేను చెప్పేది ఇంతే అన్నా.

జానెడు కంటే తక్కువ మట్టి ఉన్న నెత్తిని దున్నొద్దు. గడ్డికి, చెట్టుకు ఇడవండ్రి. పత్తి వేసి మూడేండ్లల్ల వచ్చే పైసల కంటే, ముప్పై ఏండ్లు వచ్చే గడ్డి, కింది బావి నీళ్లు ఎక్కువ.

నడుమ వాలుల రాళ్లను అమ్మొద్దు, వాలుకు అడ్డంగ వరుస పేర్చండ్రి. పెద్దవి కింద, చిన్నవి పైన. రెండు వానలకు పై భాగాన మట్టి నిలుచుడు కంటితో కనపడతది. ఉపాధి హామీ పనిల ఇది పెట్టమని గ్రామ సభల అడగండ్రి.

దున్నుడు, విత్తుడు వాలుకు అడ్డంగనే. ట్రాక్టరోళ్లు నిలువుగ దున్నుడు అలవాటు చేసుకున్నరు, డీజిల్ మిగులుతదని. వాళ్లకు మిగిలిన డీజిల్ మనకు పోయిన మన్ను.

చెరువు మట్టి ఎక్కడ వేయాలె అన్నది కూడా రాయిని బట్టే ఉంటది. 2015 మార్చిల మిషన్ కాకతీయ మన జిల్లా సదాశివనగర్ నుంచే మొదలుపెట్టిండ్రు. చెరువుల బంకమన్ను ఎర్ర చెలకకు, దుబ్బకు, జానెడు గరుసు నేలకు మందు లెక్క. నీళ్ల దాపు పెరుగుతది. లోతు రేగడిల వేస్తే మాత్రం ఉన్న బంకకు ఇంకింత బంక తోడైతది, నీళ్లు నిలిచి పంట ఉడుకుతది. ఊరందరు ట్రాక్టర్లు పెట్టిండ్రని మనం కూడా పెట్టొద్దు. ముందు చేన్ల గడ్డపార దించి లోతు చూసుకోవాలె.

గుట్ట మీద ఉన్నోళ్లు, కింద ఉన్నోళ్లు వేరే వేరే అనుకుంటం. నిజాంసాగర్ లెక్క చూస్తే బీడ్ గుట్ట మీద నాగలి పట్టినోడు, వర్ని క్యాంపుల వరి నాటినోడు ఒక్క నది మీద ఉన్న పాలోళ్లే. పైన పోయింది కింద పూడింది. ఇద్దరికీ నష్టమే అయింది. బీడ్ గుట్ట మన చేతుల లేదు. జుక్కల్ గుట్ట, మద్నూర్ గైరాన్, కౌలాస్ నాలా పైన ఉన్న వాలు మన చేతులనే ఉన్నయ్.

మీ ఊర్ల గైరాన్, బంచరాయి జాగ ఎంత ఉండె, ఇప్పుడు ఎంత మిగిలింది? పాత పహాణీ చూసి, పెద్దమనుషులను అడిగి రాయండ్రి. రాతి వరుసలు పేర్చినోళ్లు ఉంటే ఫోటో పెట్టండ్రి. పక్కూరోళ్లు చూసి నేర్చుకుంటరు.